కుక్కర్ కేకు మధ్యలో గుంట పడింది, సంక్రాంతిలోపు ఎలా సరిచేసుకోవాలి?

నల్లగొండ కోడలు:

అందరికీ నమస్తే. మాకు ఓవెన్ లేదు, కొనే ఆలోచన కూడా లేదు, వంటగదిలో మిక్సీ పెట్టుకోవడానికే చోటు చాలదు. జనవరి 1కి బయట కేకు కొనకుండా ఇంట్లోనే చేద్దామని ఐదు లీటర్ల కుక్కర్లో మొదటిసారి ప్రయత్నించాను. ముందు బాగానే పొంగింది. ఆత్రం ఆగక పావుగంటకోసారి మూత తీసి చూస్తూనే ఉన్నా, మూడోసారి చూసేసరికి మధ్యలో దిగబడిపోయి మా గల్లీ రోడ్డులా తయారైంది. కోస్తే అంచులు గట్టిగా, నడుమ పచ్చి పిండి. అది చాలదన్నట్టు సబ్బు రుచి ఒకటి. మా చిన్నోడు ఒక ముక్క నోట్లో పెట్టుకుని "అమ్మా, గిన్నె సరిగ్గా కడగలేదా" అన్నాడు.

వేసినవి ఇవి: మైదా కప్పున్నర, చక్కెర ముప్పావు కప్పు, నూనె అర కప్పు, వంట సోడా చెంచాన్నర. ఆ రోజు పెరుగు లేదు, బాబాయి తోట నుంచి పంపిన బత్తాయిలు సంచి నిండా ఉంటే వాటి రసమే ఒక కప్పు పోశాను. కేకు గిన్నె లేదు కాబట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో ముప్పావు వంతు వరకు పిండి పోసి పెట్టా.

భోగి ముందు రోజుకి మా ఆడబిడ్డ పిల్లలతో కలిపి ఆరుగురు దిగుతున్నారు, కేకు చేస్తానని ఫోన్లో ముందే మాటిచ్చేశాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది. మా అత్తమ్మ ఏమో "గుంటల కేకులెందుకు, సకినాలు ఎలాగూ చుడతాం, ఆ చేత్తోనే గరిజెలు చెయ్" అంటోంది. నేను చేస్తే గరిజెలు (కజ్జికాయలు) నూనెలో నోరు తెరుస్తాయి, పోయినేడు సగం నూనె పారబోశాం. రెండిటిలో ఏదో ఒకటైనా పరువు నిలబెట్టేలా చెప్పండి.

జడ్చర్ల అక్క:

చెల్లె, నకిరేకల్ నిమ్మకాయలు పక్కనే దొరికే ఊళ్లో ఉండి సోడాకు తోడు బత్తాయి రసం పోశావా! నవ్వుకుంటూనే రాస్తున్నా, ఏమనుకోకు.

సోడా ఒక్కటే కేకును పొంగించదు, దానికి పులుపు తగలాలి. తగిలినప్పుడు పుట్టే గ్యాసే పిండిని పైకి లేపేది. బత్తాయిలో తీపి ఎక్కువ, పులుపు కొంచెమే, నువ్వేమో చెంచాన్నర సోడా గుమ్మరించావు. పులుపు అందని సోడా అట్లాగే మిగిలిపోయింది, నీ సబ్బు రుచి అదే. కప్పున్నర మైదాకి సోడా అర చెంచా దాటొద్దు. చెంచా అంటే టీ చెంచా, కూర వడ్డించే గరిటె కాదు, మా మరదలు ఒకసారి ఆ పని కూడా చేసింది.

మేం క్రిస్మస్ చేసుకునేవాళ్లం. డిసెంబర్ 24 రాత్రి మా ఇంట్లో ఒక పొయ్యి మీద కేకు, రెండో దాని మీద గరిజెలు, చర్చికి వెళ్లే టైం దాకా ఇదే గోల. మా అమ్మ ఓవెన్ ముఖం చూడలేదు, ఇరవై ఏళ్లుగా కుక్కర్‌లోనే. ఆమె లెక్క ఇది. ఒక కప్పు గడ్డ పెరుగు, కొంచెం పులిసినదైతే ఇంకా మంచిది, దాన్లో ముప్పావు కప్పు చక్కెర పొడి కరిగేదాకా కలుపు. దాన్లోనే బేకింగ్ పౌడర్ ఒక చెంచా, సోడా అర చెంచా వేసి ఐదు నిమిషాలు వదిలెయ్. పైన బుడగలు లేచి పెరుగు ఉబ్బుతుంది, అది ఉబ్బలేదంటే నీ పౌడర్ పాతబడిందని అర్థం, అక్కడే ఆగిపో, మైదా దండగ చేయకు. ఉబ్బితే నూనె అర కప్పు, వెనీలా ఎసెన్స్ కొంచెం, తర్వాత జల్లించిన మైదా మూడు విడతలుగా. మైదా పడ్డాక గిలక్కొట్టొద్దు, పిండి కనపడకుండా కలిసేదాకా కలిపి చేయి తీసెయ్. ఎక్కువ తిప్పితే జిగట సాగి కేకు రబ్బరు ముక్క అవుతుంది.

బత్తాయి మీద అంత ప్రేముంటే రసం వదిలేసి తొక్క వాడు. పండు కోయకముందే బాగా కడిగి పైపై తొక్కను సన్న తురుములా గీకి ఒక చెంచా పిండిలో కలుపు, లోపలి తెల్లదాని జోలికి పోకు, చేదు. ఆ వాసనకి పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూస్తారు.

డబ్బా సంగతి. స్టీలులో వేడి అంతటా సమానంగా పాకదు, పైగా నీది ఎత్తుగా, ఇరుకుగా ఉన్న డబ్బా. అందుకే అంచులు మాడే టైంకి నడిమి పిండికి వేడే చేరలేదు. వెడల్పాటి అల్యూమినియం గిన్నె తీసుకో, నూనె రాసి మైదా చల్లి దులిపి, సగానికే పిండి పొయ్యి. కుక్కర్ అడుగున కప్పున్నర ఉప్పు పరిచి స్టాండు పెట్టి, మూతకి గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేసి మధ్యస్థం మంట మీద పది నిమిషాలు వేడి చేసి అప్పుడు గిన్నె దించు. ఆ తర్వాత సన్న సెగ మీద నలభై ఐదు నిమిషాలు. ముప్పై ఐదు నిమిషాలదాకా మూత ముట్టుకుంటే మాత్రం నీ ఇష్టం. లోపల పిండి గట్టిపడకముందే చల్లగాలి తగిలితే పొంగు నిలబడదు, నువ్వు మూడుసార్లు తీశావు, గుంట పడక ఏం చేస్తుంది.

మిర్యాలగూడ భట్టీ:

నేను బేకరీలో పదకొండేళ్లు పనిచేశాను, ఇప్పుడు వేరే పని. అక్క చెప్పింది అంతా కరెక్టే, ఉప్పు విషయంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఉప్పు లేకుండా ఖాళీ కుక్కర్లో స్టాండు ఒక్కటి పెట్టినా కేకు అవుతుంది, ఉప్పు చేసేదల్లా వేడిని పట్టి ఉంచి ఎగుడుదిగుడు కాకుండా చూడడం, అది మందపాటి అడుగున్న గిన్నె కూడా చేస్తుంది. నీళ్లు లేకుండా గంటసేపు వేడి చేయడం కుక్కర్‌కి మంచిది కాదు. రోజూ పప్పు ఉడికించే కుక్కర్ పాడు చేసుకోకుండా పక్కన పడేసిన పాతది ఉంటే అది వాడండి, లేదా పాత బిర్యానీ గిన్నె మీద బరువైన మూత.

అసలు ఆరుగురు పిల్లలకి ఒక కేకు ఏ మూలకండీ? మధ్యాహ్నానికి అయిపోతుంది. మా చిన్నప్పుడు సెలవులొస్తే బేకరీకి సామాను ఇచ్చి బిస్కెట్లు చేయించుకునేవాళ్లు, గుర్తుందా ఎవరికైనా? కిలో మైదా, అర కిలో డాల్డా, అర కిలో చక్కెర, ఇలాచీలు, ఒక ఖాళీ నూనె డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చేవాళ్లు, మేం కిలో లెక్కన కూలి తీసుకునేవాళ్లం. కట్టెల భట్టీలో ముందు బ్రెడ్డు పడేది, అది దిగాక వేడి తగ్గుతుంది, ఆ తగ్గిన వేడికే బిస్కెట్లు. పెద్ద మంటకి పెడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటాయి, కాబట్టి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లం. కొందరు ఆడవాళ్లు తమ నెయ్యిని మేము డాల్డాతో మార్చేస్తామేమోనని లేవకుండా అక్కడే కాపలా.

చిన్న ఊళ్లలో అడిగితే ఇప్పటికీ చేసిపెట్టే బేకరీ ఒకటి దొరుకుతుంది, అడిగి చూడండి. లేదంటే అదే కుక్కర్లో నానఖటాయి చేయండి, కేకు కంటే తేలిక. నెయ్యి అర కప్పు, చక్కెర పొడి అర కప్పు తెల్లగా నురగలా అయ్యేదాకా అరచేత్తో రుద్దాలి, పని మొత్తం ఆ రుద్దడంలోనే ఉంది. తర్వాత మైదా ఒక కప్పు, శనగపిండి రెండు చెంచాలు, చిటికెడు సోడా, ఇలాచీ పొడి. నిమ్మకాయంత ఉండలు చేసి కొంచెం అదిమి దూరం దూరంగా పెట్టి సన్న సెగ మీద ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. దించినప్పుడు మెత్తగా ఉంటాయి, ఉడకలేదనుకుని మళ్లీ పెట్టకండి, చల్లారితే గట్టిపడతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేసి మూత పెట్టాలి, లేకుంటే ఆవిరి పట్టి మెత్తబడతాయి.

కల్వకుర్తి పల్లీ:

కేకు నాకు రాదు, గరిజెల గురించి చెప్తా, ఎందుకంటే మీ అత్తమ్మ పార్టీ నేను.

నోరు తెరవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, అంచుకి పొడి అంటుకోవడం. పుట్నాల పొడి, చక్కెర అంచు మీద కొంచెం పడ్డా ఆ చోట పిండి అతుక్కోదు, నూనెలో వేయగానే అక్కడే విచ్చుకుని లోపలిదంతా బయటికి. కాబట్టి ఒక చెంచా పొడే పెట్టండి, ఎక్కువ కుక్కొద్దు, అంచంతా వేలితో పాలు తడిపి, లోపల గాలి లేకుండా మధ్య నుంచి అంచు వైపు నొక్కుతూ మూయండి. ఇంకోటి, అందరూ కూర్చుని ముచ్చట్లు పెట్టుకుంటూ యాభై గరిజెలు ఒత్తి తర్వాత ఒకేసారి కాలుస్తారు చూడండి, ఆలోపు ముందు ఒత్తినవి ఆరిపోయి పగుళ్లు పడతాయి. తడి బట్ట కప్పండి. మైదాలో ఒక చెంచా వేడి నెయ్యి వేసి గట్టిగా తడిపి అరగంట నాననిస్తే పొర కూడా గుల్లగా వస్తుంది. మేం పొడిలో కుడుక తురుము, వేయించిన నువ్వులతో పాటు పల్లీల పొడి కూడా కలుపుతాం, పల్లీలు పండే ఊరు కదా, మా ఇంట్లో పల్లీ లేనిది చారు ఒక్కటే.

ఒక మాట. ఎవరో ఒకరు వచ్చి మైదా మానేసి జొన్నపిండితో కేకు చేయమంటారు, వినకండి. నేను విన్నాను. జొన్నలో గోధుమకున్న జిగట ఉండదు, అందుకే కదా రొట్టెకి సలసల కాగే నీళ్లు పోసి కలుపుతాం. కేకు అయితే కోయగానే ఇసుకలా రాలింది, చివరికి గిన్నెల్లో వేసుకుని పాలు పోసుకుని తిన్నాం. మరీ మైదా వద్దనుకుంటే సగం గోధుమపిండి వేసుకోండి, నిలబడుతుంది.

నల్లగొండ కోడలు:

కనుమ సాయంత్రం రాస్తున్నా, ఇన్ని రోజులు ఫోన్ పట్టుకునే తీరిక లేదు.

జడ్చర్ల అక్కా, పెరుగు బుడగలు రాలేదు! పౌడర్ సీసా చూస్తే పోయినేడు సంక్రాంతిది. మా ఆయన్ని రాత్రి ఎనిమిదిన్నరకి కొట్టుకి పంపించి కొత్తది తెప్పించాను, అప్పుడు ఉబ్బింది. ముప్పై ఐదు నిమిషాలు మూత ముట్టుకోకుండా ఉండడం నా వల్ల కాదని తెలిసి వాకిట్లో ముగ్గు వేయడానికి వెళ్లిపోయా. మధ్యలో ఒక్క గుంట లేదు. ఒక పక్క కొంచెం ఎత్తుగా వచ్చింది, మా స్టవ్వే వంకరగా ఉంది, అది నా తప్పు కాదు. బత్తాయి తొక్క మాత్రం అద్భుతం. "గుంటల కేకు" అన్న అత్తమ్మే చాయ్‌లో ముంచుకుని రెండు ముక్కలు తిని, మూడోది మామయ్య కోసమని పట్టుకెళ్లింది, ఆయనకి ఇచ్చినట్టు మాత్రం లేదు.

నానఖటాయి మొదటి వాయి అడుగు మాడింది, మంట తగ్గించాక రెండో వాయి బాగా వచ్చింది. గరిజెలు నలభైలో మూడే విచ్చుకున్నాయి, ఆ మూడూ మా ఆయన ఒత్తినవే.

అన్నా, పాత కుక్కర్ దొరకలేదు, ఉప్పు పరిచే చేశాను. చల్లారాక ఆ ఉప్పును మళ్లీ కేకుకి పనికొస్తుందని ఖాళీ సీసాలో పోసి పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం మామయ్య దాన్నే మజ్జిగలో వేసుకుని, గ్లాసు పక్కన పెట్టి "ఏందమ్మా, మజ్జిగ ఇవ్వాళ కేకు వాసనొస్తంది" అన్నారు.