చేత్తో కొడితే నడుస్తుంది, క్రాన్‌లో పెడితే చప్పుడే లేదు

కూకట్‌పల్లి_టెస్టర్
అందరికీ నమస్తే. మా టీమ్‌లో ఏపీఐ టెస్టులు న్యూమన్ అనే కమాండ్ లైన్ టూల్‌తో నడుపుతాం. సర్వర్ ఉబుంటూ, జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌ని ఎన్‌వీఎమ్‌తో (నోడ్ వెర్షన్లు పెట్టుకుని మార్చుకునే టూల్) ఇన్‌స్టాల్ చేశారు. టెర్మినల్‌లో స్క్రిప్ట్ కొడితే రిపోర్ట్ చక్కగా వస్తుంది. అదే క్రాన్‌టాబ్‌లో (చెప్పిన టైమ్‌కి పనులు నడిపే క్రాన్ చదివే జాబితా) పొద్దున తొమ్మిదింటికి పెడితే రిపోర్ట్ లేదు, ఎర్రర్ కూడా లేదు. బ్యాష్ షెల్ సెట్టింగులుండే బ్యాష్ఆర్‌సీ ఫైల్‌ని స్క్రిప్ట్ మొదట్లోనే లోడ్ చేస్తున్నా, అయినా అంతే. స్టాండప్‌లో రోజూ ఇదే గోల, ఎక్కడ చూడాలో చెప్పండి.

అర్ధరాత్రి_ఆన్‌కాల్
ఎర్రర్ వచ్చే ఉంటుంది బ్రో, నీ కంటికి కనపడట్లేదంతే. క్రాన్ తన ఔట్‌పుట్‌ని లోకల్ మెయిల్‌కి పంపుతుంది, మెయిల్ ప్రోగ్రామ్ లేని మెషీన్‌లో దాన్ని పారేస్తుంది. సిస్‌లాగ్ తెరిచి చూడు, 'నో ఎమ్‌టీఏ ఇన్‌స్టాల్డ్, డిస్కార్డింగ్ అవుట్‌పుట్' అని ఉంటుంది. ముందు క్రాన్ లైన్ చివర >> పెట్టి లాగ్ ఫైల్ పేరు, దాని తర్వాత 2>&1 రాయి. అప్పుడు ఔట్‌పుట్, ఎర్రర్లు రెండూ ఆ ఫైల్‌లోనే పడతాయి. ఎగ్జిట్ కోడ్ కూడా (కమాండ్ ముగిశాక ఇచ్చే నంబర్, 0 అంటే అంతా బాగుందని) ప్రింట్ చేయించు. 127 అయితే కమాండ్ దొరకలేదని, 126 అయితే దొరికింది గానీ నడపడానికి పర్మిషన్ లేదని. ఆ నంబర్ తెలియకుండా ఎవరం ఏం చెప్పినా ఊహే.

కూకట్‌పల్లి_టెస్టర్
థాంక్స్ అన్నా. 'న్యూమన్: కమాండ్ నాట్ ఫౌండ్', 127. సరేనని న్యూమన్ పూర్తి పాత్ రాస్తే ఇప్పుడు నోడ్ దొరకట్లేదంటోంది, కోడ్ మళ్లీ 127. న్యూమన్ దొరికి నోడ్ దొరక్కపోవడం ఏంటి, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి కదా?

పాతబస్తీ_పెంగ్విన్
ఒకే ఫోల్డర్‌లో ఉంటే సరిపోదు భాయ్. న్యూమన్ అనేది జావాస్క్రిప్ట్ ఫైల్, దాని మొదటి లైన్‌లో 'ఎన్వ్ నోడ్' అని ఉంటుంది, అంటే నోడ్‌ని పాత్‌లో (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) వెతుక్కో అని. క్రాన్ ఇచ్చే పాత్‌లో స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్, స్లాష్ బిన్ తప్ప ఇంకేమీ ఉండవు. నీ నోడ్ ఏమో హోమ్ డైరెక్టరీలో, ఎన్‌వీఎమ్ ఫోల్డర్ లోపలెక్కడో ఉంది.

ఇక బ్యాష్ఆర్‌సీ సంగతి. ఉబుంటూ ఇచ్చే ఆ ఫైల్ తెరిచి పై లైన్లు చదువు. షెల్ ఇంటరాక్టివ్ (మనిషి కూర్చుని టైప్ చేసేది) కాకపోతే అక్కడి నుంచే రిటర్న్ అయిపోమని రాసి ఉంటుంది. ఎన్‌వీఎమ్ తన లైన్లను అదే ఫైల్ చివర అతికిస్తుంది. నువ్వు లోడ్ చేస్తున్నావు నిజమే, కానీ అది గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వచ్చేస్తోంది, అదీ ఒక్క ఎర్రర్ లేకుండా.

ఫ్రెషర్_అమీర్‌పేట
బ్యాష్‌కి లాగిన్ ఆప్షన్ ఇచ్చి నడిపితే అయిపోదా? మాకు కోచింగ్‌లో అలాగే చెప్పారు.

పాతబస్తీ_పెంగ్విన్
ఎన్‌వీఎమ్ విషయంలో అవ్వదు తమ్ముడూ. లాగిన్ షెల్ ప్రొఫైల్ ఫైల్ చదువుతుంది, అది మళ్లీ బ్యాష్ఆర్‌సీనే పిలుస్తుంది, మళ్లీ అదే రిటర్న్. ఇంటరాక్టివ్ ఆప్షన్ కూడా కలిపితే నడుస్తుంది గానీ, లాగ్ నిండా 'నో జాబ్ కంట్రోల్' వార్నింగులు పడతాయి, రేపు ఎవడో బ్యాష్ఆర్‌సీలో ఒక ప్రాంప్ట్ పెడితే అదీ క్రాన్‌లోకి వస్తుంది. నాకైతే ఆ పద్ధతి నచ్చదు.

అర్ధరాత్రి_ఆన్‌కాల్
ఇంకోటి, నోడ్ ఉన్న ఫోల్డర్‌ని కలిపి క్రాన్‌టాబ్ పైన పాత్ రాసేటప్పుడు డాలర్ హోమ్ అని రాయకండి. అక్కడ వేరియబుల్స్ విడివడవు, రాసింది రాసినట్టే తీసుకుంటుంది. పూర్తిగా రాయాల్సిందే. ఏ మార్పు చేసినా మర్నాటి దాకా ఆగక్కర్లేదు, 'ఎన్వ్ -ఐ' తో ఎన్విరాన్‌మెంట్ అంతా తుడిచేసి, హోమ్‌నీ ఆ రెండు ఫోల్డర్ల పాత్‌నీ మాత్రమే ఇచ్చి స్క్రిప్ట్ నడపండి. క్రాన్‌లో పగిలేది చాలావరకు అక్కడే పగులుతుంది.

బ్యాచ్‌ఫైల్_మాదాపూర్
విండోస్ వాళ్ల గోడు కూడా వినండి. న్యూమన్, ఎన్‌పీఎమ్ లాంటివి అక్కడ సీఎమ్‌డీ ఫైళ్లు, అంటే అవీ బ్యాచ్ ఫైళ్లే. బ్యాచ్ ఫైల్‌లో వాటి ముందు 'కాల్' అని రాయకపోతే అవి ముగిశాక కంట్రోల్ మన ఫైల్‌కి తిరిగి రాదు. టెస్టులు నడుస్తాయి, కింద ఉన్న రిపోర్ట్ కాపీ లైన్ మాత్రం ఎప్పటికీ నడవదు, ఎర్రరూ ఉండదు. టాస్క్ షెడ్యూలర్‌లో అయితే 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలితే స్క్రిప్ట్ సిస్టమ్32లో నిలబడి మన ఫైళ్ల కోసం వెతుకుతుంది.

డెవాప్స్_అక్క
అది నడవకపోవడం గురించి. నడిచి అబద్ధం చెప్పే స్క్రిప్ట్ ఇంకా ప్రమాదం. టెస్ట్ ఫెయిలైతే న్యూమన్ ఎగ్జిట్ కోడ్ 1 ఇస్తుంది, కానీ లాగ్ కోసం పైప్ పెట్టి, ఔట్‌పుట్‌ని ఫైల్‌లో కూడా రాసే 'టీ' కమాండ్‌కి పంపితే షెల్ చూసేది టీ కోడ్‌ని. టీకి ఏ కష్టమూ లేదు కాబట్టి 0. బిల్డులు నడిపే జెన్కిన్స్‌లో బిల్డ్ పచ్చగా ఉంటుంది, లోపల సగం టెస్టులు ఎర్రగా. బ్యాష్ అయితే 'సెట్ -ఓ పైప్‌ఫెయిల్' పెట్టండి, పైప్‌లో ఏది ఫెయిలైనా ఆ కోడ్ బయటికి వస్తుంది. మొదటి లైన్‌లో బ్యాష్ అని స్పష్టంగా ఉందో లేదో కూడా చూసుకోండి, ఉబుంటూలో 2006 నుంచీ ఉత్త ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్.

కూకట్‌పల్లి_టెస్టర్
పాత్ పెట్టాక నడిచింది! రెండు కొత్త తలనొప్పులు. లాగ్ పేరులో తేదీ వచ్చేలా % గుర్తులు పెడితే క్రాన్ లైన్ సగంలో తెగిపోతోంది. పైగా రిపోర్ట్ మధ్యాహ్నం రెండున్నరకి వస్తోంది.

డెవాప్స్_అక్క
క్రాన్‌టాబ్‌లో % అంటే కొత్త లైన్ అని అర్థం. ప్రతి % ముందు \ పెట్టు, లేదా ఆ తేదీ వ్యవహారమంతా స్క్రిప్ట్‌లోకి మార్చెయ్, అక్కడ ఈ బెడద లేదు. రెండున్నర అంటే సర్వర్ యూటీసీలో ఉంది, మనం ఐదున్నర గంటలు ముందు. 30 3 * * * (ముందు నిమిషం, తర్వాత గంట) అని రాస్తే మన తొమ్మిదికి వస్తుంది. సర్వర్ టైమ్‌జోనే మార్చుకుంటానంటే క్రాన్ సర్వీస్‌ని రీస్టార్ట్ చెయ్, లేకపోతే పాత టైమే పట్టుకుని ఉండొచ్చు.

పాతబస్తీ_పెంగ్విన్
ఆ పాత్‌లో నోడ్ వెర్షన్ నంబర్ ఉంటుంది, చూశావా? నోడ్ అప్‌గ్రేడ్ చేసి పాతది తీసేసిన రోజు మళ్లీ 127. అందుకే స్క్రిప్ట్‌లో బ్యాష్ఆర్‌సీ లైన్ తీసేసి, ఎన్‌వీఎమ్ ఫోల్డర్‌లో ఉన్న దాని సొంత షెల్ ఫైల్‌నే నేరుగా లోడ్ చెయ్యి. డిఫాల్ట్ వెర్షన్ ఏదైతే అది దొరుకుతుంది. కొత్త నోడ్‌కి న్యూమన్‌ని మాత్రం మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి, గ్లోబల్ ప్యాకేజీలు వెర్షన్‌కి వెర్షన్ వేరే.