గుంటూరులో పాత ఫ్లాటుకు కొత్త వంటగది: మూడు కొటేషన్లను ఒకే కొలతలోకి తేవడం ఎలా?

విద్యానగర్ వాసి, గుంటూరు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. విద్యానగర్‌లో మేము కొన్న ఫ్లాటు పాతది. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. గట్టు ఎల్ ఆకారంలో ఉంది: పెద్ద గోడ వెంట 10 అడుగులు, కిటికీ ఉన్న చిన్న గోడ వెంట 7 అడుగులు. పైన నల్ల గ్రానైటు, కింద కడప బండలతో కట్టిన అరలు ఉన్నాయి కానీ వాటికి తలుపులు లేవు. పెద్ద గోడ మీద కాంక్రీటు అటక కూడా ఉంది. కార్తీక మాసంలో గృహప్రవేశం చేసుకునేలోపు దీన్ని మాడ్యులర్ వంటగదిగా మార్చుకోవాలని అనుకుంటున్నాము.

ఇప్పటికి మూడు అంచనాలు వచ్చాయి. విజయవాడలోని ఒక షోరూమ్ వారు గట్టు పొడవును అడుగుల్లో కొలిచి, అన్నీ కలిపి 2,60,000 రూపాయలు అన్నారు. గుంటూరులోని ఒక వర్క్‌షాపు వారు చదరపు అడుగుకు 1,650 రూపాయలు చెప్పి, డ్రాయర్లు, బుట్టలు, జీఎస్టీ వేరే అన్నారు. మాకు తెలిసిన వడ్రంగి మేస్త్రి సరుకు మేము తెచ్చి ఇస్తే చదరపు అడుగుకు 450 రూపాయల కూలీకి చేస్తానన్నారు. మూడూ మూడు దారుల్లో ఉన్నందువల్ల ఏది ఎక్కువో ఏది తక్కువో తేల్చుకోలేకపోతున్నాము. చిమ్నీ, స్టవ్, సింకు, కరెంటు పని అన్నీ కలిపి మొత్తం ఎంత సిద్ధం చేసుకోవాలో, పాత గట్టు పగలగొట్టాలో వద్దో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఇంటీరియర్ పని, పటమట (జవాబు):

విద్యానగర్ వాసి గారూ, ధర అడిగే ముందు కొలత ఎలా వేస్తున్నారో అడగండి. ఒకే వంటగదికి ఇద్దరు చెప్పే మొత్తాల్లో కనిపించే తేడాలో పెద్ద భాగం చెక్కలో ఉండదు, టేపు పట్టిన తీరులో ఉంటుంది.

మీ కొలతలతోనే చూద్దాము. కింది అలమరలకు 10, 7 కలిపితే 17 అడుగులు. అయితే మూలలో 2 అడుగులు రెండు గోడలకూ ఉమ్మడి కనుక, ముందు నుంచి కనిపించేది 15 అడుగులే. రెండున్నర అడుగుల ఎత్తుతో లెక్కిస్తే 37.5 చదరపు అడుగులు. పై అలమరలకు అదే 17 అడుగుల్లో 90 సెంటీమీటర్ల చిమ్నీకి 3 అడుగులు, కిటికీకి సుమారు 3 అడుగులు, మూలకు ఒక అడుగు పోతే మిగిలేది 10 అడుగులు. 2 అడుగుల ఎత్తుకు 20 చదరపు అడుగులు. రెండూ కలిపి 57.5 చదరపు అడుగులు, 1,650 చొప్పున 94,875 రూపాయలు. అటకకు కాంక్రీటు పలక ఎలాగూ ఉంది కాబట్టి అక్కడ కావలసినది చట్రం, తలుపులు మాత్రమే. అటకకు 10 అడుగుల పొడవు, 2 అడుగుల ఎత్తున వచ్చే 20 చదరపు అడుగులకు పెట్టెతో సహా చేసే అలమర ధర కట్టవలసిన అవసరం లేదు. దాదాపు సగం ధరకు, అంటే 800 రూపాయలకు మాట్లాడుకుంటే 16,000 అవుతుంది.

ఇదే గదిని మూల రెండుసార్లు వచ్చేలా కొలిస్తే 8,250 పెరుగుతుంది. చిమ్నీ, కిటికీ స్థలాలు తీసివేయకపోతే 19,800, అటకకు పూర్తి ధర వేస్తే 17,000 పెరుగుతాయి. ఒక్క పలక కూడా అదనంగా రాకుండానే 45 వేల రూపాయలు పైకి వెళ్ళిపోతాయి. అందుకే ముగ్గురినీ ముందు వైపు బొమ్మ గీయించి, ప్రతి తలుపు మీద పొడవు వెడల్పులు రాసి ఇమ్మని అడగండి. అడిగితే ఇవ్వలేని వారి అంచనాను పోల్చి చూడడానికి వీలు లేదు.

తరువాత చెక్క. నీరు తగిలే చోట ఐఎస్ 710 ముద్ర ఉన్న బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్ వాడమని నా గట్టి సలహా. ఖర్చు తగ్గించుకోవాలంటే పై అలమరలకు, అటక తలుపులకు హెచ్‌డీహెచ్‌ఎంఆర్ (తేమను బాగా తట్టుకునే, గట్టిగా నొక్కి చేసిన) పలక వాడవచ్చు కానీ సింకు కింద మాత్రం రాజీ పడవద్దు. ముద్ర ప్రతి షీటు మీదా ఉంటుంది. షీట్లు కోతకు వెళ్ళే ముందు మీరే వెళ్ళి చూసుకోండి, ఎందుకంటే పైన లామినేటు (రంగు, డిజైను ఉన్న పలుచని షీటు) అతికించిన తరువాత లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

హార్డ్‌వేర్ విషయంలో "సాఫ్ట్ క్లోజ్ అన్నీ" (చప్పుడు లేకుండా నెమ్మదిగా మూసుకునేవి) అనే ఒక్క మాటకు ఒప్పుకోకుండా, ఏ కంపెనీ, ఏ మోడలు, ఎన్ని అన్నది వరుసగా రాయించుకోండి. ఆరు టాండెమ్ (పూర్తిగా బయటికి జారే రకం) డ్రాయర్లు 4,500 చొప్పున 27,000, ఒక సీసాల పుల్ అవుట్, స్పూన్ల ట్రే, పళ్ళాల స్టాండు కలిపి మరో 13,000 వేసుకుంటే 40,000 అవుతుంది. మన ఇళ్ళలో డ్రాయర్ మోయవలసిన బరువు ఎక్కువ. 25 కిలోల బియ్యం డబ్బాలో పోసి కింది డ్రాయర్‌లో పెట్టి లాగితే, 30 కిలోలు మోసే ఛానెల్ (డ్రాయర్ జారే పట్టా) మీద దాదాపు పూర్తి భారం పడుతుంది. ఆవకాయ జాడీలు, నూనె డబ్బాలు పెట్టే డ్రాయర్ సంగతీ అంతే. ఆ రెండింటికి మాత్రం 50 కిలోల ఛానెల్ అడగండి. స్టీలు బుట్టలు 304 గ్రేడు అని బిల్లులో రాయించండి. చవక రకమైన 202, మేలైన 304 రెండూ అయస్కాంతానికి గట్టిగా అంటుకోవు కనుక, అంగట్లో అయస్కాంతం పెట్టి చూపించి "ఇదే 304" అంటే ఏమీ రుజువు కాదు.

ఇప్పటి వరకు 94,875, 16,000, 40,000 కలిపి 1,50,875. దీనిపై 18 శాతం జీఎస్టీ సుమారు 27,158. మొత్తం 1,78,000 దాటుతుంది. షోరూమ్ వారి 2,60,000లో చిమ్నీ, స్టవ్, పన్ను ఉన్నాయో లేదో ముందు తేల్చుకోండి. అవి ఉంటే ఆ ధర అన్యాయమేమీ కాదు, లేకపోతే చాలా ఎక్కువ.

సింగ్‌నగర్ నుంచి (జవాబు):

పై వారు చెక్క గురించి చెప్పిన మాటకు నేను కళ్ళారా చూసినది జోడిస్తాను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకి వచ్చి రోజుల తరబడి నిలిచాయి. మా వరుసలో పార్టికల్ బోర్డుతో (చెక్క పొట్టును జిగురుతో నొక్కి చేసిన పలకతో) చేసిన వంటగదుల్లో కింది అలమరల పలకలు అటుకుల్లా ఉబ్బి, మరలు పట్టు వదిలి, తలుపులు వాటంతట అవే వేలాడాయి. మా ఇంట్లో గట్టు కింద కడప బండ అరలే ఉన్నాయి. తలుపులు మార్చవలసి వచ్చింది కానీ అరలను కడిగి, ఆరబెట్టి మళ్ళీ వాడుకుంటున్నాము. మీ ఫ్లాటు ఏ అంతస్తులో ఉందో రాయలేదు. పై అంతస్తు అయితే వరద భయం లేకపోవచ్చు కానీ, సింకు కింద పైపు కారడానికి అంతస్తుతో పని లేదు. చెదలూ అంతే.

అందువల్ల బండలు గట్టిగా ఉంటే గట్టు పగలగొట్టవద్దని నా అభిప్రాయం. పగలగొడితే కూలీ, చెత్త కిందికి మోసి తరలించే ఖర్చు, కొత్త గ్రానైటు, కింద టైల్సు దెబ్బతింటే వాటి మార్పిడి, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

విద్యానగర్ వాసి, గుంటూరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మాది రెండో అంతస్తు. బండలు ఉంచేస్తే వాటి మధ్య డ్రాయర్లు బిగించడం కుదరదని వర్క్‌షాపు వారు అంటున్నారు. ఇది నిజమేనా? కరెంటు, నీటి పనులకు విడిగా ఎంత వేసుకోవాలి?

ఇంటీరియర్ పని, పటమట:

వారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. బండకు ఛానెల్ మరలు నేరుగా బిగించలేము. పైగా చేత్తో కట్టిన అరలు ఎక్కడా మూలమట్టానికి ఉండవు. పైన 20 అంగుళాలు ఉన్న ఖాళీ కింద 19 ముప్పావు ఉండవచ్చు. డ్రాయర్లు కావలసిన రెండు మూడు అరల్లో అడ్డంగా ఉన్న మధ్య బండ తీయించి, లోపల ప్లైవుడ్ పెట్టె కూర్చోబెట్టి దానికి ఛానెళ్ళు బిగిస్తారు. మిగిలిన అరలకు చట్రం వేసి తలుపులు పెడితే సరిపోతుంది. ఆ భాగానికి పెట్టె ధర కాకుండా తలుపు ధర మాత్రమే ఇవ్వాలి. అప్పుడు నేను పైన వేసిన 94,875 బాగా దిగుతుంది. బండ మందం వల్ల డ్రాయర్ వెడల్పు కొంత తగ్గుతుంది, దానికి మాత్రం సిద్ధపడాలి.

మేస్త్రితో చేయించాలనుకుంటే, పలకల కోత, అంచుల పట్టీ మాత్రం యంత్రం ఉన్న చోట చేయించండి. చేత్తో అతికించిన పట్టీ స్టవ్ వేడికి, సింకు తడికి ముందుగా లేస్తుంది. కూలీ 77.5 చదరపు అడుగులకు 34,875 అనిపించినా, జిగురు, మరలు, రవాణా, మిగిలిపోయే ముక్కలు మీ లెక్కలోకే వస్తాయని గుర్తుంచుకోండి.

బ్రాడీపేట గృహిణి, గుంటూరు (జవాబు):

మీరు చివర అడిగినదానికి నేను చెబుతాను. చిమ్నీ, స్టవ్, సింకు, కుళాయిలకు మధ్యరకం సరుకైతే 45,000 వేసుకోండి. మన మిరపకాయ తాలింపుకు చిమ్నీ పొగను బయటికి పంపే రకమే కావాలి. పైపు ఎంత పొట్టిగా, ఎంత తక్కువ మలుపులతో ఉంటే అంత బాగా లాగుతుంది. గోడకు రంధ్రం, పైపు, బయటి మూత ధరలు చిమ్నీ ధరలో ఉండవు, విడిగా అడగండి.

కరెంటు, ప్లంబింగ్, గోడ టైల్సు మరమ్మతులకు 40,000 పక్కన పెట్టండి. ఫ్రిజ్, ఓవెన్, గ్రైండర్, నీటి ఫిల్టరు, చిమ్నీ దేనికది ప్లగ్గు ఉండాలి. ఓవెన్ లాంటి వాటికి 16 ఆంపియర్ల పాయింట్లు అవసరం. పాత ఫ్లాటు కనుక లోపలి తీగ ఆ బరువును మోస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించండి. గ్యాస్ బండ గట్టు కిందే ఉంటే ఆ అలమర తలుపుకు గాలి ఆడే జాలీ పెట్టించండి.

ఈ లెక్కన 1,78,000, 45,000, 40,000 కలిపి 2,63,000. పదో వంతు అదనంగా ఉంచుకుంటే 2,90,000 దగ్గర ఆగుతారు. బండలు ఉంచేస్తే ఇంకా తక్కువే. తీగలు, పైపుల కోసం గోడల్లో గాడులు కొట్టడం, టైల్సు అతకడం పూర్తయిన తరువాతే అలమరలకు తుది కొలతలు తీయించండి. టైలు, దాని కింది సిమెంటు కలిసి గోడను అంగుళం వరకు ముందుకు తెస్తాయి, ముందుగా కోసిన పెట్టెలు అప్పుడు పట్టవు. చివరి పదో వంతు డబ్బు తలుపులన్నీ సమంగా మూసుకున్నాక ఇస్తామని మొదటి రోజే రాయించుకోండి.