పొరుగు దేశాలు మన ఊరికి ఏ వైపున? ఆరో తరగతికి ఎట్లా చెప్పాలి?

కావలి టీచర్
ఆరో తరగతికి పొరుగు దేశాల పాఠం. రాజధానులు గడగడా అప్పజెప్తారు. శ్రీలంక ఏ వైపుందిరా అంటే మాత్రం వేలు నేల వైపు చూపిస్తారు, గోడ పటంలో అది కిందుంది కదా! 40 మంది పిల్లలు, రెండు పీరియడ్లు, ఖర్చు ఉండకూడదు. ఏం చేయొచ్చు?

చుక్కలముగ్గు
సార్, పటం గోడ మీంచి దించి నేల మీద వేయించండి. 9 చుక్కలు, 9 వరుసలు. చుక్కకీ చుక్కకీ అర మీటరు, మొత్తం 4 మీటర్ల చదరం. ఒక్కో ఎడం 5 డిగ్రీలు. ఎడమ చివరి నిలువు వరుస 60 డిగ్రీల తూర్పు రేఖాంశం, కుడి చివరిది 100. అడుగు వరుస భూమధ్యరేఖ, పై వరుస 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం.

ఇప్పుడు ఎడమ నుంచి 5వ నిలువు వరుసలో, కింది నుంచి 4వ చుక్క చూడండి. 80 తూర్పు, 15 ఉత్తరం. అది మీ కావలికి పది కిలోమీటర్ల ఉత్తరాన పడుతుంది! ఒంగోలు, నెల్లూరు కూడా దాదాపు ఆ నిలువు గీత మీదే ఉన్నాయి, ఒకటి చుక్కకి కాస్త పైన, ఇంకోటి కాస్త కింద. ఆ చుక్క మీద ఒక పిల్లను నిలబెట్టి, కింది చుక్క దాకా నడవమనండి. జాఫ్నా చేరినట్టే, సుమారు 550 కి.మీ. అదే గీత మీద పైకి పోతే నేపాల్ పడమటి అంచు, మహాకాళి నది.

మిగతావి: కాబూల్ (70, 35) చుక్క పక్కనే. ఢాకా, థింపూ రెండూ 90 గీత మీదే, ఢాకా 25కి కాస్త కింద, థింపూ 25కీ 30కీ నడుమ. ఖాట్మండు 85 గీత మీద. మాలే, 75 గీతకు కొంచెం ఎడమగా, 5కి కింద. బీజింగ్ ముగ్గులో పట్టదు. పై వరుసనే పట్టుకుని కుడికి ఇంకో మీటరున్నర పైన పోవాలి. పట్టకపోవడమే మంచిది, చైనా ఎంత పెద్దదో అక్కడే తెలిసిపోతుంది.

మట్టి నేలైతే ముందు నీళ్లు చల్లండి, లేకపోతే గాలికి పిండి నిలవదు. మన దేశం అంచు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా పటం చూసే గీయించాలి.

ఒంగోలు భూగోళం
ముగ్గు బాగుంది, రెండు చోట్ల తప్పు జరుగుతుంది చూసుకోండి.

ఒకటి, ముగ్గు పైవైపు నిజమైన ఉత్తరానికే ఉండాలి. కర్ర పాతి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు గీత గీస్తే అది ఉత్తర దక్షిణాల గీత. మన దగ్గర అది సరిగ్గా 12కి రాదు. నెలను బట్టి 11:54 నుంచి 12:24 లోపు ఎప్పుడైనా రావచ్చు. పైగా మధ్యాహ్నం నీడ ఉత్తరానికే పడుతుందని పుస్తకాల్లో చదివి అట్లాగే పెట్టేస్తారు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో బడి తెరవగానే చేస్తే ముగ్గు తలకిందులే! అప్పుడు మీటరు కర్ర నీడ జానెడు కూడా ఉండదు.

రెండు, చదరపు గళ్లలో పైకి పోయేకొద్దీ అడ్డం దూరాలు సాగుతాయి. కాబూల్ దగ్గర ఐదో వంతు ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి దారంతో దూరాలు కొలిపిస్తే నిలువుగానే కొలిపించండి, 10 సెంటీమీటర్లు అంటే సుమారు 111 కి.మీ.

తాటిమట్ట
రెండో పీరియడ్‌లో గడియారం ఆట పెట్టండి. ఒక్కో చుక్క మీద ఒకరిని నిలబెట్టి "మనకు 9 గంటలు" అనాలి. కొలంబో 9 అనాలి, ఖాట్మండు 9:15, ఢాకా, థింపూ 9:30, యాంగోన్ 10, బీజింగ్ 11:30. మాలే, ఇస్లామాబాద్ 8:30, కాబూల్ 8. నేపాల్ పావుగంట దగ్గర పిల్లలు ఆగి అడుగుతారు, అడగనివ్వండి. వాళ్ల సమయం 86 డిగ్రీల 15 నిమిషాల రేఖాంశానిది, మనది 82 డిగ్రీల 30 నిమిషాలది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున వాళ్లే లెక్క కడతారు.

సంస్కృతి అనగానే దేశానికొక బొమ్మ, ఒక డ్రెస్సు అంటించేస్తారు, అది వద్దు. నేపాల్‌లోనే వందకు పైగా భాషలున్నాయి. మన పిల్లలకు తెలిసినదాన్ని పట్టుకుని పోండి. బర్మాలో, అంటే మయన్మార్‌లో, పెద్దమగవాళ్ల పేరు ముందు "ఉ", ఆడవాళ్లకు "డా" పెడతారు. మనం బాబాయ్, పిన్ని అన్నట్టే. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఉ థాంట్‌లో "ఉ" పేరు కాదు. బర్మా లిపిలో "వ" అక్షరం చూపిస్తే అందరూ సున్నా అంటారు!

కావలి టీచర్
పండగల సంగతి? మన ఉగాదిలాంటిది వాళ్లకూ ఉందా?

తాటిమట్ట
ఉంది సార్, ఏప్రిల్ నడిమిలో. శ్రీలంకలో, నేపాల్‌లో 13, 14 తేదీల ప్రాంతంలో, బంగ్లాదేశ్‌లో 14న, బర్మాలో నీళ్లు చల్లుకునే తింజాన్ కూడా ఆ రోజుల్లోనే. అవన్నీ సూర్యుడు మేషంలో అడుగుపెట్టే లెక్క. మనది చంద్రుడి లెక్క, అందుకే ఉగాది తేదీ జరుగుతుంటుంది. 14న అంబేడ్కర్ జయంతి సెలవు, కాబట్టి పాఠం 12నో 15నో పెట్టుకోండి. అప్పటికి మధ్యాహ్నం నీడ ఇంకా ఉత్తరానికే పడుతుంది.