ప్రభుత్వ ప్రాజెక్టులు చేసే కాంట్రాక్టు కంపెనీలో చేరవచ్చా?

ప్రభుత్వ శాఖలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీ నుంచి నాకు ఆఫర్ వచ్చింది. ఆఫీసు మాదాపూర్‌లో ఉన్నా, పని మాత్రం మాసబ్ ట్యాంక్ దగ్గర ఒక శాఖ కార్యాలయంలో కూర్చుని చేయాలట. ఇలాంటి చోట పనిచేసినవారు దయచేసి మీ అనుభవం చెప్పండి.

ఆఫర్ లెటర్ రెండో పేజీలో 'ఉద్యోగం ప్రాజెక్టు కాలానికి లోబడి ఉంటుంది' అని రాశారు. టెండరు గడువు తీరి పని మరో కంపెనీ చేతికి వెళ్తే, పాతవారిని వాళ్లు తీసుకుంటారా, ఇంటికి పంపేస్తారా? శాఖ బిల్లు చెల్లించడం ఆలస్యమైతే మన జీతం కూడా ఆగుతుందా? హెచ్‌ఆర్‌ను అడిగితే 'ఇంతవరకూ అలా జరగలేదండీ' అన్నారు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే నవ్వి ఊరుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పీఎఫ్ సంగతి కూడా ఉంది. మూలవేతనం మీద నా వాటా 12 శాతం, కంపెనీ వాటా 12 శాతం, రెండూ సీటీసీలోనే (కంపెనీకి నా మీద ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు) కలిపి చూపారు. అది చాలాచోట్ల మామూలే, సరే. కానీ నెలనెలా నిజంగా జమ చేస్తారా? మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పాస్‌బుక్‌లో ఎప్పుడైనా ఖాళీ నెలలు కనిపించాయా?

శాఖ అధికారులు సెలవు రోజుల్లో పిలుస్తారా, తర్వాత ప్రైవేటు కంపెనీలు ఈ అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటాయా అన్నది కూడా తెలిస్తే చెప్పండి. సోమవారంలోగా వాళ్లకు జవాబివ్వాలి.