స్నేహితుడి పాప వైద్యానికి డబ్బు పోగేయాలి, ఎలా? (రాయగడ, ఒడిశా)

రాయగడ కుర్రోడు:
అందరికీ నమస్తే. నాతో చదువుకున్నవాడు ఇక్కడే ఆటో నడుపుతాడు. వాడి కూతురికి ఆరేళ్ళు. తగ్గని జ్వరం, కాళ్ళ నొప్పులు, ఒంటి మీద కమిలినట్టు మచ్చలు. చివరికి వైజాగ్‌లో బ్లడ్ క్యాన్సర్ అని తేల్చారు. ఏ.ఎల్.ఎల్. అట. నయమయ్యే అవకాశం బాగానే ఉందన్నారు గానీ వైద్యం రెండేళ్ళ పైనే సాగుతుందట. పాప ఫొటో, నా ఫోన్‌పే క్యూఆర్ కలిపి తెలుగులోనూ ఒడియాలోనూ వాట్సాప్‌లో పెట్టేద్దామని మా బ్యాచ్ వాళ్ళంటున్నారు. వాడికి ఫొటో ఇష్టం లేదు. "రేపు నయమయ్యాక అది బడికెళ్ళాలి కదరా" అంటాడు. ఏం చెయ్యమంటారు?

గుణుపూర్ అక్క:
తమ్ముడూ, ఫొటో విషయంలో తండ్రి మాటే వినండి. మన ఊళ్ళలో ఇచ్చేవాళ్ళు అడిగే మనిషిని చూసి ఇస్తారు.

మా చెల్లి కొడుక్కీ ఇదే జబ్బు, ఇప్పుడు బాగున్నాడు. మొదటి నెల అందరూ తలో చెయ్యీ వేస్తారు. ఆర్నెల్లు తిరిగేసరికి "ఎలా ఉందమ్మా" అని అడిగేవాళ్ళు కూడా తగ్గిపోతారు. అక్కడేమో గది అద్దె, తిండి ఖర్చు ఆగవు. ఇక్కడ ఆటో మూలనుంటుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం తప్పదు. అందుకే ఒకేసారి లక్షలు అడక్కండి. నెలకి 300 చొప్పున రెండేళ్ళూ ఇచ్చేవాళ్ళని ఇరవై మందిని పట్టుకోండి, ఆ వాయిదా బరువైనా దిగుతుంది.

ముందు కార్డు చూడండి. ఒడిశా 2025లో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్ళకి అదనంగా మరో 5 లక్షలు. జాబితాలో ఉన్న ఆసుపత్రి అయితే రాష్ట్రం బయటా చెల్లుతుంది, 14555కి ఫోన్ చేసి కనుక్కోండి. ఆంధ్రా వాళ్ళ ఎన్టీఆర్ వైద్య సేవ మనకి రాదు, తెలుగు మాట్లాడితే సరిపోదుగా! పేర్లు కూడా సరిచూడండి. మా వాడికి ఆధార్‌లో ఇంటిపేరు ముందు, రేషన్ కార్డులో చివర ఉంది. ఆ తేడాకి మా చెల్లి కౌంటర్ దగ్గర రోజంతా నిలబడింది.

ఇంకోటి. కీమో వల్ల రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. జ్వరం 100.4 తాకితే తెల్లారేదాకా ఆగకూడదు. పాప ఇంటికొచ్చాక అర్ధరాత్రి కారు మాట్లాడుకుని పరిగెత్తాల్సి రావచ్చు. ఆ డబ్బు విడిగా పెట్టండి, వేరే దేనికీ ముట్టుకోవద్దు.

కోరాపుట్ ఖాతాలు:
నీ సొంత క్యూఆర్ మాత్రం వద్దు. ముక్కూమొహం తెలియనివాళ్ళ డబ్బులో ఒక్కటి సైబర్ మోసం తాలూకుది పడినా నీ ఖాతా ఆపేస్తారు. బంధువులు కానివాళ్ళు ఇచ్చింది ఏడాదికి 50,000 దాటితే తీసుకున్నవాడికి పన్ను గొడవ కూడా ఉంది. చికిత్స డబ్బు ఆసుపత్రి ఖాతాకే, పాప ఫైల్ నంబరు మీద కట్టించి రసీదు గ్రూపులో పెట్టు. ఇంటి ఖర్చుకి ఇచ్చేది మీకు తెలిసినవాళ్ళ దగ్గరే తీసుకో.

రైలు సంగతి: ఆసుపత్రి వాళ్ళిచ్చే ఫారం చూపిస్తే స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో పాపకి టికెట్ ఉచితం, తోడెళ్ళే ఒకరికి పావు వంతు ఛార్జీయే.

వైజాగ్ హాస్టల్:
అన్నా, నాది పార్వతీపురం, ఇక్కడే చదువుతున్నా. డబ్బుతో పాటు రక్తదాతల పేర్లూ రాసుకోండి. ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిలవుండవు. అందరూ ఒకే రోజు వచ్చి ఇస్తే లాభం లేదు, పిలిచినప్పుడు ఒక్కొక్కరు రావాలి. మా హాస్టల్లో ఓ పదిమందిని నేను చూస్తా. పాప బ్లడ్ గ్రూప్ ఏంటి?

రాయగడ కుర్రోడు:
బి పాజిటివ్ తమ్ముడూ. అక్కా, కార్డు తీసి చూశాం. పాప పేరులో ఒక అక్షరం నిజంగానే తేడా ఉంది, సోమవారం ఆఫీసుకి వెళ్తున్నాం. నెలవారీ లెక్కకి బ్యాచ్‌లో పద్నాలుగు మంది ఒప్పుకున్నారు. ఫొటో లేకుండా ఒడియాలో మెసేజ్ రాశాను, తప్పులుంటాయి. ఎవరైనా చూసిపెడతారా?