‘స్కీ’తో ముగిసే పోలిష్ ఇంటిపేర్లన్నీ ఊరి పేర్లేనా?

ఉద్యోగరీత్యా పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో ఉంటున్నాను. మొన్న టీ తాగుతుంటే మా టీమ్‌లో ఒకాయన నా ఇంటిపేరుకు అర్థం అడిగాడు. మా పూర్వీకుల ఊరి పేరన్నాను. “మా దగ్గరా ఉన్నాయి, తార్నుఫ్ ఊరి దొరలే తార్నోఫ్‌స్కీలు” అన్నాడు. అప్పటినుంచీ ఇదే పిచ్చి పట్టుకుంది!

నోవాక్ అంటే కొత్తగా వచ్చినవాడట. పోలండ్‌లో అందరికన్నా ఎక్కువమందికున్న ఇంటిపేరు అదే. వుయ్‌చిక్ ‘వుయ్ట్’ నుంచి వచ్చింది, అంటే ఊరిపెద్ద. ఇక్కడిదాకా బాగానే ఉంది. కోవాల్‌స్కీ దగ్గరే ఆగిపోయాను. ‘కోవాల్’ అంటే కమ్మరి. మరి ఆ ఇంటిపేరున్నవాళ్లు కమ్మరి సంతతా, లేక కోవాలే లాంటి పేరున్న ఊరివాళ్లా? విష్నియెఫ్‌స్కీ కూడా అంతే, మూలం చెర్రీ చెట్టా, ఆ చెట్టు పేరు పెట్టుకున్న ఊరా? ఒక్కో కుటుంబం విషయంలో ఇది తేల్చాలంటే చర్చి బాప్తిస్మం రిజిస్టర్లు చూడాల్సిందేనా?

ఇంకోటి. కోవాల్‌స్కీ భార్య కోవాల్‌స్కా అవుతుంది, నోవాక్ భార్య మాత్రం నోవాకే. పాతరోజుల్లో భార్యను నోవాకోవా, కూతుర్ని నోవాకువ్నా అనేవారట. పల్లెల్లో ఇప్పటికీ అలా పిలుస్తారా? అక్కడ ఉన్నవాళ్లు, పోలిష్ వచ్చినవాళ్లు కాస్త చెప్పండి.