క్లాసులో మా మతం వాణ్ణి నేనొక్కడినే, ఎలా కలిసిపోవాలి?

పల్లెలో ఉన్న చిన్న కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. చేరి 11 వారాలైంది. క్లాసులో 38 మందిమి, మా మతం వాణ్ణి నేనొక్కడినే. మిగతావాళ్లకి చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు తెలుసు.

ఎవరూ ఏమీ అనరు, అదే ఇబ్బంది. నోట్స్ అడిగితే నవ్వుతూ ఇస్తారు. మధ్యాహ్నం 1 గంటకి బెల్ కొట్టగానే మాత్రం గుంపులుగా లేచి వెళ్లిపోతారు. నేను బెంచీ మీదే కూర్చుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తాను. ల్యాబ్‌లో జతలు కట్టమంటే ప్రతిసారీ ఎవరూ పిలవక చివరిదాకా మిగిలేది నేనే.

రెండు వారాలు నేనే వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. మాటలు ఠక్కున ఆగిపోయేవి. సాయంత్రాలు వాలీబాల్‌కి వెళ్తున్నాను. ఆడినంతసేపూ బాగానే ఉంటుంది, బంతి సంచిలో పడగానే మళ్లీ మామూలే. లెక్చరర్‌కి చెప్తే "నువ్వే కలుపుగోలుగా ఉండాలి" అన్నారు (ఇంకెంత ఉండాలో!). కాలేజీ మారడం కుదరదు.

ల్యాబ్‌లో నా పక్కన వేసిన అబ్బాయి ఒక్కడే ఉన్నప్పుడు గంటసేపైనా కబుర్లు చెప్తాడు. స్నేహితులు రాగానే తల తిప్పేసుకుంటాడు.

ఇలాంటి పరిస్థితిలో చదివినవాళ్లు చెప్పండి: అతన్ని ఇబ్బంది పెట్టకుండా, ఆ స్నేహం నలుగురిలోనూ నిలవాలంటే నేను ముందుగా ఏం చేయాలి?